ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు వస్తే ఇంట్లో ఎలా చూసుకోవాలి

పదేళ్లు దాటిన పిల్లి బక్కచిక్కిపోతోందా? నీళ్ల గిన్నె దగ్గర ఎక్కువసేపు కూర్చుంటోందా? ఇసుక తట్టలో తడి ముద్దలు మునుపటికన్నా పెద్దగా వస్తున్నాయా? మొదట అనుమానించాల్సింది కిడ్నీలనే. "వయసైపోయింది, అంతే" అని చాలామంది వదిలేస్తారు. కిడ్నీలు మూడింట రెండు వంతుల దాకా దెబ్బతినేవరకు పిల్లి పైకి ఏమీ తెలియనివ్వదు. మనకు కనబడేనాటికే జబ్బు ముదిరి ఉంటుంది. ఇక పూర్తిగా నయం కాదు. కానీ నీళ్లు, తిండి, మందులు సరిగ్గా పడితే నెలలు, కొన్ని పిల్లులైతే ఏళ్లు కూడా సుఖంగా బతుకుతాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. ఊళ్లో పశువుల దవాఖాన ఉంటుంది, డాక్టరూ ఉంటాడు. కానీ ఆయన పొద్దంతా చూసేది బర్రెలు, గొర్రెలు, మేకలు. పిల్లికి బీపీ కొలవాలన్నా, కిడ్నీ స్కానింగ్ తీయాలన్నా ఎక్కువమంది హైదరాబాద్ పోవాల్సిందే, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దవాఖానకో, ఏదైనా ప్రైవేటు క్లినిక్‌కో. వారం వారం అంతదూరం బుట్టలో పెట్టుకొని తిప్పితే పిల్లికి జబ్బుకన్నా ప్రయాణమే ఎక్కువ బాధ. అందుకని ఒక్కసారి పోయి అన్ని పరీక్షలూ చేయించి, ఏం చేయాలో కాగితం మీద రాయించుకొని రండి. ఆ కాగితం ఊళ్లో డాక్టరుకు చూపించి, మధ్యలో అవసరమైతే ఆయన సాయం తీసుకోండి. మిగతా పనంతా ఇంట్లోనే.

మొదటిసారి ఏమేం చేయించాలి

రక్తంలో క్రియాటినిన్, యూరియా (రెండూ కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థాలు), ఫాస్ఫరస్, పొటాషియం, చక్కెర, టి4 అనే థైరాయిడ్ పరీక్ష, రక్తకణాల లెక్క. మూత్రంలో సాంద్రత, ప్రోటీన్. వీటితోపాటు బీపీ. ముసలి పిల్లిలో కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావడం, చక్కెర జబ్బు మూడూ పైకి దాదాపు ఒకేలా ఉంటాయి: నీళ్లు ఎక్కువ తాగుతుంది, బరువు తగ్గుతుంది. తేడా ఏమిటంటే థైరాయిడ్, చక్కెర జబ్బుల్లో పిల్లి సాధారణంగా బాగా తింటూనే చిక్కిపోతుంది. కిడ్నీ జబ్బులో తిండి మీద మనసు పోతుంది. ఇది అందాజా మాత్రమే, తేల్చేది పరీక్షే.

క్రియాటినిన్ అంకెను బట్టి జబ్బును నాలుగు దశలుగా చూస్తారు. మి.గ్రా./డె.లీ. లెక్కలో 1.6 లోపు మొదటి దశ, 2.8 వరకు రెండు, 2.9 నుంచి 5.0 వరకు మూడు, 5 దాటితే నాలుగు. ఇక్కడో జాగ్రత్త. మనుషుల ల్యాబులో పిల్లి రక్తం ఇస్తే రిపోర్టు పక్కన అచ్చయ్యే "నార్మల్" అంకెలు మనుషులవి. 1.5 వచ్చిందని అక్కడ గుర్తు పెట్టి ఇస్తారు, పిల్లికి అది ఎక్కువేమీ కాకపోవచ్చు. రక్తకణాల మిషను కూడా పిల్లి రక్తానికి సెట్ చేసి ఉండకపోతే లెక్క తప్పుతుంది. ఒక్క అంకె చూసి బెంబేలు పడకండి. పిల్లి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కూడా క్రియాటినిన్ పెరుగుతుంది. సెలైన్ ఎక్కించాక మళ్లీ చేయించిన అంకెకే ఎక్కువ విలువ.

తూకం, నోటుబుక్కు

నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గితే బరువులో 5 శాతం పోయినట్టు. బొచ్చు కింద ఆ తేడా కంటికి ఆనదు. మనిషి ఎత్తుకొని బాత్రూం తూకం మీద నిలబడి తీసివేత చేసే పద్ధతి దీనికి పనికిరాదు, అందులో తప్పే 200 గ్రాములు ఉంటుంది. 10 కిలోల దాకా తూచే వంటింటి ఎలక్ట్రానిక్ తూకం కొనండి. దాని మీద అట్టపెట్టె పెట్టి సున్నా చేసి, పిల్లిని కూర్చోబెట్టండి. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున తిండి పెట్టకముందు.

నోటుబుక్కులో రోజూ రాయాల్సినవి ఎక్కువేం లేవు: ఎంత తిన్నది, వాంతి అయిందా, తట్టలో తడి ముద్దలు ఎన్ని, దొడ్డికి పోయిందా, సెలైన్ ఎంత ఎక్కింది, ఏ మందు ఎన్నింటికి. ఇంకొకటి, నిద్రలో ఊపిరి. గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు లేచి పడటం ఒకటిగా లెక్కపెట్టి, 30 సెకన్ల లెక్కను రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. ఈ అంకె ఎందుకో సెలైన్ దగ్గర తెలుస్తుంది. డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు "డల్‌గా ఉంది" అంటే ఆయనకేం అర్థం కాదు. "పది రోజుల్లో 150 గ్రాములు తగ్గింది, నిన్నటి నుంచి రెండుసార్లు వాంతి" అంటే ఫోన్‌లోనే సగం తేలుతుంది.

నీళ్లు

కిడ్నీ చెడిన పిల్లి మూత్రాన్ని చిక్కగా చేయలేదు. తాగిన నీళ్లన్నీ పలచటి మూత్రంగా పోతాయి, అందుకే ఎంత తాగినా ఒంట్లో నీళ్లు చాలవు. ఎక్కువ మూత్రం పోస్తోందని నీళ్లు తగ్గించడం అన్నింటికన్నా పెద్ద తప్పు.

గిన్నెలు మూడు నాలుగు చోట్ల పెట్టండి. వెడల్పుగా, అంచు దాకా నింపి, తిండి గిన్నెకూ ఇసుక తట్టకూ దూరంగా. మట్టి మూకుడు మంచిది, కానీ రోజూ కడగాలి. కీళ్లనొప్పులున్న పిల్లి మెట్లెక్కి తాగదు, కింది అంతస్తులో ఒకటి ఉండాలి.

బోరు నీళ్లు వద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఫ్లోరైడ్ గురించి చెప్పాల్సిన పని లేదు. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, ఇక్కడ పాడైంది ఆ కిడ్నీలే. ఇంట్లో మనుషులు తాగే భగీరథ నీళ్లో, ఫిల్టరు నీళ్లో పిల్లికీ పెట్టండి. తిండిలో రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలపడం అన్నిటికన్నా తేలిక. ఎండు గుళికలకన్నా తడి తిండి మేలు అనేది కూడా ఇందుకే.

ఒంట్లో నీళ్లు తగ్గాయో లేదో చూడటానికి మెడ మీది చర్మం లాగి వదిలితే ఎంతసేపటికి దిగుతుందో చూడమంటారు. ముసలి పిల్లి చర్మం ఎలాగూ సాగి ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టండి. జారితే సరే. జిగటగా అంటుకుంటే నీళ్లు తక్కువైనట్టు.

చర్మం కింద సెలైన్

జబ్బు రెండో దశ దాటిన చాలా పిల్లులకు డాక్టరు ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించమంటాడు. భయపడే పని కాదు. నరం వెతకనక్కర్లేదు. కానీ సరుకు దగ్గరే తప్పులు మొదలవుతాయి.

మన దగ్గర సెలైన్ సీసా ఏదైనా సరే "గ్లూకోజు" అనే పిలుస్తారు. మందుల దుకాణంలో "గ్లూకోజు సీసా ఇవ్వండి" అంటే నిజంగానే డెక్స్‌ట్రోజ్ కలిసిన డీఎన్‌ఎస్సో, డీ5ఓ చేతికొస్తుంది. అది చర్మం కిందికి ఎక్కించేది కాదు. నొప్పి పుడుతుంది, ఒంట్లోని నీళ్లను అక్కడికే లాగుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఉంది. మీకు కావలసింది రింగర్ లాక్టేట్, దుకాణంలో "ఆర్‌ఎల్" అంటే తెలుస్తుంది. 500 మి.లీ. సీసా. చీటీ మీద రాయించుకొని పోండి, చేతికిచ్చాక సీసా మీద పేరు చదవండి.

సూది 18 లేదా 20 నంబరు. మామూలు సూదుల్లో 18 నంబరు సూది మొదట్లోని ప్లాస్టిక్ గులాబీ రంగు, 20ది పసుపు. రంగు చెప్పి అడిగితే క్యాన్యులా (నరంలో ఉంచే ప్లాస్టిక్ గొట్టం) ఇచ్చేస్తారు, దాంట్లో రంగులు వేరు. గులాబీ క్యాన్యులా అంటే 20. నంబరు చెప్పి, "క్యాన్యులా కాదు, సూది" అని అడగండి. సన్న సూది అయితే నొప్పి తక్కువని 23 నంబరు కొంటారు కొందరు. దాంతో పిల్లి ఓపిక అయిపోతుంది కానీ సెలైన్ అయిపోదు.

ఐవీ సెట్టు, అంటే సీసా నుంచి సూదికి పోయే గొట్టం, గాలి వడపోత ఉన్నది తీసుకోండి. దవాఖానల్లో సీసాకు పైన ఇంకో సూది గుచ్చి గాలి వదులుతారు. ఆ సీసా అక్కడ గంటలో అయిపోతుంది. మీ సీసా నాలుగైదు రోజులు వాడేది, ఆ రంధ్రంలోంచి దుమ్మూ క్రిములూ పోతాయి.

ఎంత? నాలుగు కిలోల పిల్లికి సాధారణంగా ఒకసారికి 100 మి.లీ. చుట్టుపక్కల. రోజూనా, రోజు విడిచి రోజా, వారానికి రెండుసార్లా అనేది డాక్టరే చెప్పాలి. గుండె జబ్బున్న పిల్లికి ఇదే నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం తీస్తాయి. కాబట్టి గుండె పరీక్ష చేయించకుండా మొదలుపెట్టొద్దు.

ఇక చేసే పద్ధతి.

1. చేతులు సబ్బుతో కడగండి. సీసా వెలుగుకు ఎత్తి చూడండి. మబ్బుగా ఉన్నా, నలకలు తేలుతూ కనిపించినా, మూత దగ్గర తడి ఉన్నా, తేదీ దాటినా పక్కన పడేయండి.

2. సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచండి. మణికట్టు లోపలి వైపు ఆనిస్తే వెచ్చగానూ చల్లగానూ అనిపించకూడదు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, ఒకచోట మరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో సీసా దానంతటదే ఒంటి వేడిని దాటి ఉంటుంది, అప్పుడు చల్లటి నీళ్లలో పెట్టాల్సి వస్తుంది.

3. సెట్టు చక్రం (ధారను ఆపేది, వదిలేది) పూర్తిగా మూసి, మొన సీసాలోకి గుచ్చండి. పిల్లి ఉండే చోటికి మీటరు ఎత్తుకు తక్కువ కాకుండా వేలాడదీయండి. కిటికీ కడ్డీ, చిలక్కొయ్య ఏదైనా సరే. గొట్టం పైన ఉన్న బుడ్డిని నొక్కి సగం నింపండి. చక్రం తెరిచి గొట్టంలో గాలి పోయేదాకా వదిలి, మూసేయండి.

4. కొత్త సూది తొడగండి. ప్రతిసారీ కొత్తదే. ఒకసారి చర్మంలో దిగిన సూది మొన వంగుతుంది, రెండోసారి అదే వాడితే పిల్లి ఎగిరి దూకుతుంది. రెండు రూపాయల దగ్గర పిసినారితనం చేస్తే పిల్లి ఇక ఒళ్లోకి రాదు.

5. పిల్లిని తువ్వాల మీద, మొహం మీకు అటువైపు ఉండేలా కూర్చోబెట్టండి. దానికి ఇష్టమైన తిండి ముందు పెట్టండి. రెండు భుజాల మధ్య నుంచి కాస్త వెనక్కి, వెన్నుకు పక్కగా, చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో గుడారంలా ఎత్తండి. రోజుకొక పక్క మార్చండి.

6. సూది మొనలో ఏటవాలుగా కోసిన వైపు పైకి ఉండేలా, వెన్నుకు సమాంతరంగా, గుడారం మొదట్లోకి గుచ్చండి. ఒకటిన్నర సెంటీమీటరు చాలు. నెమ్మదిగా నెడితేనే ఎక్కువ నొప్పి, ఒక్క కదలికలో దించాలి. చక్రం పూర్తిగా తెరవండి.

7. చుక్కలు ధారగా పడాలి. పడకపోతే సూది మొన చర్మానికి ఆనుకొని ఉంటుంది. సూదిని కాస్త తిప్పండి, లేదా రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగండి. బొచ్చు తడుస్తుంటే సూది అటువైపు నుంచి బయటికొచ్చినట్టు. గొట్టంలోకి రక్తం వస్తే తీసేసి, కొత్త సూదితో వేరేచోట గుచ్చండి.

8. ఎంత పోయిందో సీసా మీది గీతలు సరిగ్గా చెప్పవు. సామాన్లు తూచే వేలాడే ఎలక్ట్రానిక్ తూకానికి సీసాను తగిలించండి. 100 మి.లీ. అంటే దాదాపు 100 గ్రాములు. అంకె అంత తగ్గగానే చక్రం మూయండి. మంచిగా పారితే ఐదు నుంచి పది నిమిషాల పని.

9. సూది తీసి, గుచ్చిన చోటును వేళ్లతో ఒక నిమిషం పట్టి ఉంచండి. కొన్ని చుక్కలు కారితే ఫర్వాలేదు.

వీపు మీద ఒంటె మూపురంలా ఉబ్బుతుంది. తర్వాత అది ముందరి కాలులోకో, పొట్ట కిందికో జారుతుంది. చూసి గాబరా పడతారు కానీ మామూలే, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. కాస్త గాలి పోయి చర్మం కింద పటపటలాడినా ప్రమాదం లేదు. మరుసటి రోజు అదే వేళకు కూడా ఉబ్బు అలాగే ఉంటే మాత్రం మళ్లీ ఎక్కించకండి, డాక్టరుకు చెప్పండి. గుచ్చిన చోట ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే అరిచేలా ఉంటే క్రిములు చేరినట్టు.

నిద్రలో ఊపిరి 30 దాటి పోతుంటే, దగ్గు వస్తుంటే, సెలైన్ ఆపి వెంటనే ఫోన్ చేయండి. నోరు తెరిచి ఊపిరి తీస్తే ఫోన్ కూడా కాదు, దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి పరుగే.

తెరిచిన సీసాలో క్రిములను ఆపే మందేమీ ఉండదు. సెట్టును సీసా నుంచి పీకకుండా, గొట్టం చివర మూత ఉన్న కొత్త సూది పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచండి. ఐదు రోజుల్లో అయిపోకపోతే పారబోయండి. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి నిండాక దవాఖానలో ఇవ్వండి. చెత్తబండిలో వేస్తే మున్సిపాలిటీ ఆమె చేతికి గుచ్చుకుంటుంది.

మొదటి రెండుసార్లు ఎవరైనా తెలిసినవాళ్ల ముందు చేయండి. ఊళ్లో పశువులను చూసే గోపాలమిత్రనో, కాంపౌండరునో పిలిస్తే ముందే చెప్పండి, కండలోకి కాదు, చర్మం కిందికి అని. బర్రెలకు కండలో వేసి వేసి వాళ్ల చెయ్యి అలా అలవాటుపడి ఉంటుంది.

తిండి

మంచి తిండి ఏది అనేదానికన్నా ముందు, తింటోందా లేదా అనేది ముఖ్యం. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ కాస్త లావుగా ఉన్నదైతే, ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకొని వేరే జబ్బు మొదలవుతుంది. 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చెప్పండి. 48 గంటల దాకా చూడొద్దు.

కిడ్నీ పిల్లికి ఫాస్ఫరస్ తక్కువున్న తిండి కావాలి. రాయల్ కెనిన్ రీనల్ లాంటి కిడ్నీ తిండి డాక్టరు రాస్తాడు. ఒక్కరోజులో మార్చకండి. పాత తిండిలో చెంచాడు కలిపి, రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచండి. వికారంగా ఉన్న రోజున కొత్త తిండి పెడితే ఆ వాసనకూ వికారానికీ ముడిపెట్టుకొని ఇక జన్మలో ముట్టదు. కొత్తది అసలే తిననంటే పాతదే తిననివ్వండి. తినని మంచి తిండికన్నా తినే మామూలు తిండి మేలు.

ఇంట్లో వండి పెట్టేవాళ్లు కొన్ని మానుకోవాలి. ఎండు చేపల్లో ఉప్పూ ఎక్కువే, ఫాస్ఫరస్ కూడా ఎక్కువే. బొక్కల రసం ఆరోగ్యమని తాపుతారు, ఈ జబ్బుకు అది పనికిరాదు. గుడ్డు పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, తెల్లసొనలో చాలా తక్కువ. ఉడికించిన తెల్లసొన కలపొచ్చు. కూరలోంచి తీసిన చికెన్ ముక్క కడిగి పెట్టినా వద్దు, ఉల్లి, ఎల్లిపాయ పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. ఉప్పు లేకుండా ఉడికించిన కోడి మాంసం ఒకటి రెండు రోజులు ఆకలి తెప్పించడానికి బాగుంటుంది. పెరుగు బువ్వ మీద పెరిగిన పిల్లులు మన దగ్గర చాలా ఉన్నాయి నిజమే. అవి ఎలుకలు, బల్లులు పట్టుకొని తిని మిగతాది సరిపెట్టుకున్నాయి. ముసలితనంలో వేట ఉండదు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది, అది లేకపోతే గుండె, కళ్లు చెడతాయి. పాలు చాలా పిల్లులకు విరేచనాలు తెస్తాయి.

తినడానికి వచ్చి, వాసన చూసి మొహం తిప్పుకుంటే, పెదాలు నాక్కుంటే, చొంగ కారుస్తుంటే అది ఆకలి లేకపోవడం కాదు, వికారం. బలవంతంగా కుక్కొద్దు. ముందు వాంతి తగ్గే మందు, తర్వాత తిండి. తిండిని గోరువెచ్చగా చేస్తే వాసన లేచి తింటుంది. రోజుకు రెండుసార్లు గిన్నె నిండా కాకుండా ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. గిన్నెను నాలుగంగుళాల పీట మీద పెడితే మెడనొప్పి ఉన్న పిల్లికి సుఖం.

మందులు

ఫాస్ఫరస్ పట్టే పొడి ఇచ్చారంటే అది తిండిలోనే కలవాలి. తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకోవడం దాని పని. ఖాళీ కడుపున వేస్తే దండగ. మిగతా మందులు మాత్రం తిండిలో కలపకండి. చేదు తగిలితే తిండినే మానేస్తుంది.

గోలీకి నెయ్యి పూయండి. పిల్లిని తువ్వాలలో చుట్టి, తలను పై నుంచి పట్టుకొని కాస్త పైకి ఎత్తితే కింది దవడ వదులవుతుంది. గోలీని నాలుక వెనుక భాగాన, మధ్యలో వేసి, నోరు మూసి గొంతు నిమరండి. ముక్కు నాక్కుంటే మింగినట్టు. వెంటనే సూది లేని సిరంజితో 5 మి.లీ. నీళ్లు దవడ పక్క సందులోంచి కొంచెం కొంచెంగా ఇవ్వండి. పొడి గోలీ అన్నవాహికలో ఇరుక్కుపోయి పుండు చేస్తుంది, డాక్సీసైక్లిన్ అయితే మరీ. నీళ్లు ఇచ్చేటప్పుడు తల పైకి ఎత్తొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బీపీ ఎక్కువుంటే అమ్లోడిపిన్ రాస్తారు. మనుషులదే, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. చాలా పిల్లులకు మొదటి మోతాదు 0.625 మి.గ్రా., అంటే 2.5 మి.గ్రా. గోలీలో నాలుగో వంతు. 5 మి.గ్రా. గోలీ ఇస్తే ఎనిమిది ముక్కలు చేయాలి, అది సమంగా రాదు. 2.5 అడిగి తీసుకోండి. రాత్రికి రాత్రి పిల్లి గోడలకు గుద్దుకుంటూ, కంటిపాప పెద్దగా తెరుచుకొని ఉంటే బీపీ వల్ల కంటి వెనుక పొర ఊడిందేమో అనుకోవాలి. ఆ రోజే చూపించాలి.

తల వేలాడి గడ్డం ఛాతీకి ఆనుతుంటే అది చాలావరకు పొటాషియం తగ్గడం. పొటాషియం మందు సొంతంగా మొదలుపెట్టొద్దు, ఎక్కువైతే గుండె ఆగుతుంది. రెండు రోజులు దొడ్డికి పోకపోయినా చెప్పండి, ఈ జబ్బులో నీళ్లు తక్కువై మలం గట్టిపడుతుంది. ఆముదం తాపొద్దు. మనుషుల ఫాస్ఫేట్ ఎనిమా పిల్లికి విషం.

అసలు ఇవ్వకూడని వాటిలో మొదటిది పారాసిటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ అదే. జ్వరంగా ఉందని సగం గోలీ వేసినా చచ్చిపోవచ్చు, దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, అసలే చెడిన కిడ్నీలను పూర్తిగా ముంచుతాయి. కుక్కలకు మెడ మీద వేసే పర్మెత్రిన్ గోమార్ల మందు వద్దు. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, పిల్లి తిరిగే గదుల్లో సబ్బునీళ్లతో సరిపెట్టండి.

చక్కెర జబ్బు కూడా ఉంటే

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. మన దగ్గర ఇన్సులిన్ 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత 100కి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పోతుంది. మందు సీసా, సిరంజి ప్యాకెట్టు పక్కపక్కన పెట్టి అంకెలు కలిశాయో లేదో చూసుకోండి. ముందు తిననివ్వండి, తర్వాతే సూది. తినకపోతే మామూలు మోతాదు వేసేయకుండా డాక్టరును అడగండి. తూలుతూ, వణుకుతూ ఉంటే తేనె గానీ చక్కెర నీళ్లు గానీ చిగుళ్లకు రాయండి, ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టకండి. కరెంటు పోయే రోజుల్లో ఇన్సులిన్ సీసాను చిన్న డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో ఉన్న మట్టికుండలో ఉంచితే వేడి నుంచి కాపాడుకోవచ్చు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

పడక, తట్ట, ఎండాకాలం

ఇసుక తట్ట అంచు ఎత్తుగా ఉంటే కీళ్లనొప్పులున్న పిల్లి దాటలేక పక్కన పోస్తుంది. పాత ప్లాస్టిక్ టబ్బు ఒక పక్క రెండంగుళాల ఎత్తు మిగిలేలా కోయండి, కోసిన అంచును గీరండి. ఇసుక జల్లించినది వేసి, రోజుకు రెండుసార్లు ముద్దలు తీయండి. మగ పిల్లి తట్టలో మాటిమాటికీ కూర్చొని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకం అనుకోకండి. మూత్రం ఆగింది, ఒక రోజు ఆలస్యమైనా ప్రాణం మీదికొస్తుంది.

ముసలి పిల్లి గోళ్లు అరగవు, వంగి అరికాలులోకి గుచ్చుకుంటాయి. నెలకోసారి మొన మాత్రం కత్తిరించండి. వెనుక భాగం నాక్కోలేదు, తడి గుడ్డతో తుడవండి. వానాకాలంలో తోక కింద తడిగా మురికిగా ఉంటే ఈగలు వాలి పురుగులు పడతాయి.

మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. డాబా మీదికి, రేకుల షెడ్డులోకి పోనివ్వకండి. షాబాదు బండలు పరిచిన గది ఉంటే పిల్లి తానే అక్కడ పడుకుంటుంది. బండను తడిగుడ్డతో తుడిస్తే చాలు, పిల్లిని తడపనక్కర్లేదు. కూలరు గాలి నేరుగా దాని మీదికి కాకుండా చూడండి. హైదరాబాద్ తీసుకుపోవాల్సి వస్తే తెల్లవారే బయలుదేరండి. బుట్టలో దాని పాత గుడ్డే వేయండి, పైన పలచటి గుడ్డ కప్పండి. పది గంటలు దాటాక ఎండలో ఆపిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు.

ఆఖరి రోజులు

గోడకు తగిలించిన క్యాలెండరులో ప్రతిరోజూ ఒక గుర్తు పెట్టండి. తిన్నది, ఒళ్లు నాక్కున్నది, మీ దగ్గరికి వచ్చింది అంటే మంచి రోజు. మూలకు పోయి ముడుచుకొని, వాంతులతో, తిండి ముట్టకుండా ఉంటే చెడ్డ రోజు. రెండు వారాల్లో చెడ్డ రోజులే ఎక్కువైనప్పుడు డాక్టరుతో నొప్పిలేని చావు గురించి మాట్లాడండి. పిల్లిని చంపితే పాపమని మన ఇళ్లలో గట్టి నమ్మకం, అందుకే ఈ మాట ఎత్తడానికి జంకుతారు. కిడ్నీలు పూర్తిగా పోయిన పిల్లి వారం రోజులు నోటి పుండ్లతో, వికారంతో, ఫిట్స్‌తో పోతుంది. డాక్టరు ముందు మత్తు ఇస్తాడు. అది పూర్తిగా నిద్రపోయాక ఎక్కువ మోతాదు మత్తుమందు ఎక్కిస్తాడు. ముందు మత్తు ఇస్తారా అని అడిగి తెలుసుకోండి. కళ్లు మూతపడవు, ఆఖరున ఒకటి రెండుసార్లు ఊపిరి ఎగబీల్చినట్టు కావచ్చు. అప్పటికి దానికి తెలివి ఉండదు.

పూడ్చేటప్పుడు మూడడుగుల లోతు తవ్వి, పైన రాళ్లు పేర్చండి. బావికీ బోరుకూ దూరంగా. ఒంట్లో మత్తుమందు మిగిలి ఉంటుంది, కుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణానికీ ప్రమాదం. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే మిగిలిన మందులు దానికి పనికొస్తాయని దాచకండి. విప్పని ఆర్‌ఎల్ సీసాలు, సూదులు పశువుల దవాఖానలో ఇచ్చేయండి, ఏదో ఒక దూడకు పనికొస్తాయి.